దొర కూర్చునే తీరు

ఫ్యాన్ల ఫ్యాక్టరీలో ఆయన్ని ఎదురుగా ఉంటే సార్ అనీ, వెనక రిజెక్టుగారు అనీ పిలుస్తారు. రెండో పేరు సంగతి ఆయనకు తెలుసు. తెలిసి నొచ్చుకోలేదు సరికదా, చివరనున్న ఆ ‘గారు’ తన వృత్తికి లోకం చేసిన సన్మానమని లోలోపల ఒక నమ్మకం.

తయారైన ప్రతి ఫ్యానూ బయటికి వెళ్ళేముందు ఆయన బల్ల దగ్గర ఆగాలి. కొక్కేనికి తగిలించి తిప్పుతారు. ఆయన మొదట రెక్కల వంక చూస్తాడు. తర్వాత కళ్ళు మూసుకుని మోటారు చప్పుడు వింటాడు. ఆపించి, మోటారు మీద అరచెయ్యి ఆనించి వేడి చూస్తాడు. ఇంతా అయ్యాక మళ్ళీ ఒకసారి తిప్పమంటాడు, మొదటిసారి సరిగ్గా తిరగడం పొరపాటున జరిగి ఉండవచ్చు కనుక. అప్పుడు రిజిస్టరులో రాస్తాడు. పెన్నుకు మూత పెడతాడు. ఆ పైన ముద్ర. ముందు రాత, తర్వాత ముద్ర. ఇరవై రెండేళ్ళలో ఈ వరస ఒక్కనాడూ తప్పలేదు.

ఇంట్లోనూ ఇదే పరిపాలన. ఆయన నోట ‘బాగుంది’ అన్న మాట విన్నవాళ్ళు లేరు. ఆయన ఇవ్వగలిగిన అత్యున్నత పురస్కారం ‘అభ్యంతరం లేదు’. భార్య ఎముకల ఆసుపత్రిలో రోగుల చేత వ్యాయామాలు చేయిస్తుంది. ఒకసారి జుట్టు పొట్టిగా కత్తిరించుకుని వచ్చి ఎలా ఉందని అడిగితే, ఆయన చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, వెనకవైపు రెండు క్షణాలు ఎక్కువ ఆగి, “అభ్యంతరం లేదు” అన్నాడు. కాపురం కొత్తలో ఇలాంటి వాటికి ఆవిడ ఏడ్చేది. తర్వాత నవ్వేది. ఇప్పుడు ఆయన కొత్త చొక్కా వేసుకున్నప్పుడు అదే మాట ఆయనకు తిరిగి ఇచ్చేస్తోంది.

అలాంటి మనిషి మీద ఒక కుక్కపిల్లకు విద్యలు నేర్పే బాధ్యత వచ్చి పడింది.

కుక్కపిల్ల ఇంట్లోది కాదు, కంప్యూటరులోది. అత్తగారిది.

అత్తగారు ముప్ఫై ఒక్క సంవత్సరాలు టెలిఫోను ఎక్స్ఛేంజిలో చెవులకు యంత్రం తగిలించుకుని ఊళ్ళోవాళ్ళ గొంతులు ఒకరికొకరికి కలిపి, రిటైరై, నాలుగేళ్ళుగా కూతురింట్లో ఉంటోంది. వచ్చిన కొత్తలో కూతురు గరిటె పట్టుకునే పద్ధతి మీద వంటింట్లో నిలబడి రోజూ వ్యాఖ్యానం చేసేది. ఆ ధాటికి ఆగలేక కూతురే ఒకనాడు తల్లిని ముందుగదిలో కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, పెంపుడు జంతువుల ఆట ఒకటి పెట్టిచ్చింది. వారం తిరక్కుండా వంటింటికి స్వాతంత్ర్యం వచ్చింది.

కుక్కపిల్లది బూడిదరంగు, పొట్టి కాళ్ళు, కాస్త పొగరు. చెప్పిన మాట తనకు తోచినప్పుడే వింటుంది కనుక ఆవిడ దానికి ‘దొర’ అని పేరు పెట్టింది. దొరకు తిండి పెట్టాలి, నీళ్ళు పొయ్యాలి, అన్నిటికీ మించి విద్యలు నేర్పాలి. కూర్చోవడం, పడుకోవడం, దొర్లడం, చెయ్యివ్వడం, బంతి తేవడం, చచ్చినట్టు పడి ఉండడం. తెర అడుగున ఆరు బొమ్మలుంటాయి. బొమ్మ నొక్కితే దొరకు ఆజ్ఞ వెళ్తుంది. చెప్పింది చేస్తే వెంటనే బిస్కెట్టు బొమ్మ నొక్కి మెచ్చుకోవాలి.

నెలకో ఆదివారం పొద్దున పదకొండింటికి ప్రదర్శన. ఎక్కడెక్కడి జంతువులో ఒక పచ్చటి మైదానంలో చేరతాయి. ఆరు విద్యల్లో నాలుగు నెగ్గాలి. చెయ్యడం జంతువు పని, చేసిన దాన్ని, తెర కింద సమయం చూపించే గీత తరిగిపోయేలోగా మెచ్చుకోవడం యజమాని పని, రెండూ కలిస్తేనే లెక్క. వరసగా మూడు నెలలు తప్పితే ఆ జంతువును ‘విశ్రాంతి వనా’నికి పంపేస్తారు. వెళ్ళినది తిరిగి రాదు. దాని బదులు బుట్టలో ఒక కొత్త పిల్ల వస్తుంది.

దొర వరసగా రెండు నెలలు తప్పింది. తప్పు దొరది కాదు, అత్తగారి కళ్ళది. శుక్లాలు ముదిరి తెర మీద ఇద్దరు దొరలు కనిపించసాగారు. రెండో నెల ఆవిడ బిస్కెట్టు నొక్కబోయి పక్కనున్న సబ్బు నొక్కి, శ్రద్ధగా దొర్లిన జంతువుకు బహుమానంగా అందరి ముందూ స్నానం చేయించింది.

ఆపరేషను చేయించుకోమని కూతురు రెండేళ్ళుగా కాళ్ళావేళ్ళా పడుతున్నా ససేమిరా అన్న మనిషి, మర్నాడు తానే ఆసుపత్రికి ఫోను చేసింది. ఎక్కువ మసకబారిన కంటికి ఆపరేషను చక్కగా జరిగింది. పది రోజులు నల్ల కళ్ళద్దాలు తియ్యకూడదనీ, ఏ తెరా చూడకూడదనీ డాక్టరు ఆంక్ష పెట్టాడు. ప్రదర్శన తొమ్మిదో రోజు.

“అరగంట చూస్తే ఏమవుతుంది డాక్టరుగారూ?”

“మీకు కుక్క ముఖ్యమా, కన్ను ముఖ్యమా అమ్మా?”

ఆవిడ ఆలోచనలో పడేసరికి కూతురే కల్పించుకుని, కన్ను, అని జవాబు చెప్పింది.

మరి దొరను చూసేదెవరు? కూతురు చేతులెత్తేసింది. “ఒకసారి దానికి నీళ్ళు పెట్టడం మర్చిపోయానని ఆరు నెలలు సాధించావమ్మా. నావల్ల కాదు.” ఇక మిగిలింది పొద్దుటి షిఫ్టు ముగించుకుని మూడింటికల్లా ఇల్లు చేరే అల్లుడు.

“అల్లుడుగారూ, పద్నాలుగు నెలలు పెంచాను. మీ చేతుల్లో పెడుతున్నాను. దాన్ని వనానికి పోనివ్వకండి.”

రిజెక్టుగారు తెర దగ్గరికి వెళ్ళి దొరను ఆపాదమస్తకం పరిశీలించాడు. దొర కూడా ఆయన్ని పరిశీలించింది.

“అభ్యంతరం లేదండీ” అన్నాడు.

ఆ సాయంత్రమే కొత్త నోటుపుస్తకం తెరిచి స్కేలుతో గడులు గీశాడు. తేదీ, సమయం, ఆజ్ఞ, ఫలితం, వ్యాఖ్య. ఆటలో నియమాల పేజీ ఆసాంతం చదివాడు. కూర్చోవడమంటే యజమానికి ఎదురుగా కూర్చోవడమని ఒకచోట ఉంది. వెంటనే మెచ్చుకోవాలని అందులో మూడుచోట్ల ఉంది. మూడుచోట్లా అడుగున గీత గీసినట్టు మనసులో పెట్టుకున్నాడు. అయితే ఫ్యాక్టరీలో వెంటనే అంటే అదే షిఫ్టులో అని అర్థం.

కూర్చోమని నొక్కాడు. దొర కూర్చుంది. ఆయన చూశాడు. ఎడమ వెనక కాలు కొంచెం బయటికి జారి ఉంది. దీన్ని కూర్చోవడం అనవచ్చా? అనవచ్చు, కానీ మళ్ళీ చూడాలి. మళ్ళీ నొక్కాడు. అప్పటికే కూర్చుని ఉన్న దొరకు ఇంకా ఏం చెయ్యమంటున్నాడో అర్థం కాలేదు. లేచింది. ఇటు చూసింది. బిస్కెట్టు జాడ లేదు. వెనక్కి తిరిగి, తెరలో వెనకనున్న కంచె వైపు మొహం పెట్టి చతికిలబడి, నోరంతా తెరిచి ఆవులించింది. ఈలోగా రిజెక్టుగారు ‘కూర్చున్నది, కాలు స్వల్ప లోపం’ అని రాసి, పెన్ను మూత పెట్టి, బిస్కెట్టు నొక్కాడు.

ఆవులిస్తున్న నోట్లో ఆకాశం నుంచి బిస్కెట్టు పడితే ఏ ప్రాణి అయినా ఏమనుకుంటుంది? దొర అదే అనుకుంది.

ఇలా నాలుగు రోజులు. ఆయన ఎంత శ్రద్ధగా నేర్పాడో, దొర అంత శ్రద్ధగానూ నేర్చుకుంది. చెయ్యివ్వమంటే చెవి గోక్కుంటుంది. దొర్లమంటే మూలకు వెళ్ళి గోడను తదేకంగా చూస్తుంది. కూర్చోమంటే చాలు, వెనుదిరిగి, కంచెకు ఎదురుగా కూర్చుని, ఆవులించి, బిస్కెట్టు కోసం నోరు తెరిచే ఉంచుతుంది. అత్తగారి హయాంలో పచ్చగా కళకళలాడిన ఆరు విద్యల గీతలూ ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి. రిజెక్టుగారికి తల ప్రాణం తోకకొచ్చింది. ఒక్కో ఫ్యానుకు ఆయన ఇంత కష్టపడి ఉంటే కంపెనీ ఆయనకు విగ్రహం పెట్టించేది.

“ఎలా ఉందండీ?” అని లోపలి గదిలోంచి పూటపూటకీ వాకబు.

“పరిశీలనలో ఉందండీ.”

“పరిశీలన ఏంటండీ, అదేమన్నా ఫైలా? కూర్చుంటోందా లేదా?”

“కూర్చుంటోంది. ఒక విధంగా.”

ఐదో రోజు భార్య ఆసుపత్రి నుంచి తొందరగా వచ్చింది. చేతిసంచి భుజాన ఉండగానే తెర ముందు నిలబడిపోయింది.

“ఇదేం కూర్చోవడమండీ! అత్తారింట్లో అలిగిన అల్లుడిలాగా?”

“నన్నంటావేం? తయారీలోనే ఏదో లోపం ఉంది. మా దగ్గరైతే ఈపాటికి రిజెక్టు చేసి పారేసేవాణ్ణి.”

లోపలి గదిలో మంచం కిర్రుమంది. “ఎవర్నండీ రిజెక్టు చేసేది?”

నల్ల కళ్ళద్దాలతో, గోడ పట్టుకుంటూ అత్తగారు ముందుగదిలోకి వేంచేసింది. కూతురు అడ్డం వెళ్ళబోతే, “తెర చూడనులేవే, నీమీదొట్టు” అని కుర్చీ లాక్కుని, కంప్యూటరుకు వీపు పెట్టి కూర్చుంది. అచ్చం దొర కూర్చున్నట్టే ఉందని కూతురికి తోచింది కానీ నోరు నొక్కుకుంది.

“ఇప్పుడు చెప్పండి దానికి, కూర్చోమని.”

రిజెక్టుగారు నొక్కాడు. అత్తగారు తల ఒక పక్కకు వంచి, ఎక్స్ఛేంజిలో దూరపు లైను పట్టుకున్నట్టు వింది. గోళ్ళ చప్పుడు. దభీమని కూర్చున్న చప్పుడు. ఆపైన నిశ్శబ్దం. కాగితం మీద పెన్ను గీరుకుంటున్న చప్పుడు. మూత, టక్. అప్పుడు బిస్కెట్టు కరకర.

“ఆ పెన్నేమిటండీ మధ్యలో?”

“రాస్తున్నానండీ.”

“రాసి?”

“రాసి, మెచ్చుకుంటున్నాను.”

అత్తగారు నల్ల కళ్ళద్దాలు సర్దుకుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసులో తప్పు నంబర్లు అడిగినవాళ్ళతో కూడా ఆవిడ ఇంత ఓర్పుగా ఉండలేదు.

“నాయనా, ముందు మెచ్చుకోండి. రాసుకోవడం తర్వాత.”

“ముందే మెచ్చుకున్నాక, తీరా చూస్తే తప్పని తేలితే?”

“తేలితే ఏమైంది? కుక్కపిల్ల కోర్టుకెళ్తుందా?”

“అది కాదండీ. ఒకసారి మెచ్చుకున్నది వెనక్కి తీసుకోలేం కదా.”

“అందుకని ఇరవై రెండేళ్ళుగా అసలు ఇవ్వకుండా దాచిపెట్టారన్నమాట” అంది భార్య, సంచి దించుతూ.

ఆ రాయి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది గానీ, రిజెక్టుగారు చలించినట్టు కనబడలేదు. 

తెలిసినంత మాత్రాన చెయ్యి మాట వినదు. పెన్ను లాక్కున్నారు, ఆయన వేలు గాల్లో రాసింది. నోటుపుస్తకం బీరువాలో పెట్టారు. ఆయన మనసులో గడులు గీశాడు. దొర కూర్చున్న క్షణానికీ ఆయన వేలు కదిలిన క్షణానికీ మధ్య ఇంకా ఒక ఆవులింత పట్టేంత ఎడం ఉంటూనే ఉంది. అత్తగారికి చిర్రెత్తుకొచ్చింది. ఖాళీ స్టీలు గ్లాసు ఒకటి, చెంచా ఒకటి తెప్పించుకుంది.

“మీరు ఆజ్ఞ ఇవ్వండి. అది చేసిందో లేదో నేను వింటాను. చెంచా మోగిందా, బిస్కెట్టు నొక్కండి. అంతే. మీరేం చూడక్కర్లేదు.”

“చూడకుండా ఎలా మెచ్చుకుంటారండీ?”

“నేను ఎవరి మొహం చూసి లైను కలిపానండీ అన్నేళ్ళు?”

ఆ మూడు రోజులు ఆ ముందుగది పక్కగా వెళ్ళినవాళ్ళు లోపల ఏదో తీవ్రమైన వాద్యకచేరీ జరుగుతోందని భ్రమపడి ఉంటారు. చెంచా మోగేది. వేలు ఆగేది. “మోగి ఎంతసేపయిందండీ?” “చూస్తున్నానండీ.” “చూడొద్దన్నానా!” మళ్ళీ చెంచా. చివరికి రిజెక్టుగారు కళ్ళు మూసుకుని నొక్కడం మొదలుపెట్టాడు. అప్పుడు ఆజ్ఞ బొమ్మ కనబడక, పడుకోమనబోయి బంతి తెమ్మని, బంతి తెమ్మనబోయి చచ్చిపొమ్మని, ఇల్లంతా అరుపులు. ఆదివారం దగ్గరపడే వేళకు మూడు విద్యలు బాగుపడ్డాయి. పడుకోవడం, బంతి, చచ్చినట్టు పడి ఉండడం. దొర్లడం, చెయ్యివ్వడం మీద ఆశ వదులుకున్నారు. నాలుగోది ఏదైనా దక్కితే అది కూర్చోవడమే దక్కాలి. అన్నిటికంటే ముందు, అన్నిటికంటే ఎక్కువ నిష్ఠతో రిజెక్టుగారు నేర్పింది కూడా సరిగ్గా అదే. అందుకే అది వదలలేదు. దొర పదిసార్లలో తొమ్మిదిసార్లు వెనుదిరిగే కూర్చుంటోంది.

“చప్పుడుకు మాత్రం కూర్చున్నట్టే ఉందే” అనేది అత్తగారు. రిజెక్టుగారు గొంతు సవరించుకునేవాడు తప్ప, అది ఎటు తిరిగి కూర్చుందో చెప్పేవాడు కాదు. ఇక చెప్పే సమయం లేదు.

ఆదివారం పదకొండింటికి దొర మైదానంలో నిలబడింది. చుట్టూ పిల్లులు, కుందేళ్ళు, బట్టలు వేసుకున్న తాబేలు ఒకటి. గదిలో రిజెక్టుగారు నిటారుగా, ఆయన వెనక అత్తగారు తెరకు వీపు పెట్టి గ్లాసు ఒళ్ళో పెట్టుకుని, ఇద్దరికీ మధ్య భార్య. ఒక్కో విద్యకు ఒక్కటే అవకాశం.

బంతి తెమ్మన్నాడు. తెచ్చింది. చెంచా. బిస్కెట్టు. పడుకోమన్నాడు. చెంచా, బిస్కెట్టు. చచ్చిపొమ్మన్నాడు. దొర ఎంత నమ్మకంగా చచ్చిపోయిందంటే, చప్పుడే వినబడక అత్తగారు కంగారుపడి, గీత చివరికొచ్చాక కొట్టింది. గండం గడిచింది. దొర్లమన్నాడు, ఏమో ఎవరు చూడొచ్చారని. దొర మైదానం మూలకు వెళ్ళి ప్రహరీగోడను చూసింది. చెయ్యివ్వమన్నాడు, చెవి గోక్కుంది.

మిగిలింది ఒకటే. రిజెక్టుగారు కూర్చోమని నొక్కాడు.

దొర తల కుడివైపుకు వంచి ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత మైదానంలో ఉన్న యావన్మంది జంతువులకూ, వాటి యజమానులకూ వీపు చూపించి, పొదల వైపు మొహం పెట్టి, దభీమని కూర్చుని ఆవులించింది.

చెంచా మోగింది.

తప్పు ఎదురుగా, తెర నిండా, బూడిదరంగులో ఉంది. ఇలాంటి దాన్ని ఆయన జన్మలో వదిలిపెట్టి ఉండడు. కింద గీత తరుగుతోంది. భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆవిడ కూడా చూస్తోంది. చెంచా మళ్ళీ మోగింది, ఈసారి గ్లాసు సొట్టపోయేట్టు.

“నాయనా!”

రిజెక్టుగారు నొక్కాడు.

కరకర. పచ్చగీత. నాలుగు.

 కళ్ళనీళ్ళు పెట్టుకోకూడదని డాక్టరు చెప్పాడు కనుక, సంతోషం పట్టలేక అత్తగారు గ్లాసు మీద మరో నాలుగు దెబ్బలు వేసింది. మూడు రోజుల అలవాటు కొద్దీ రిజెక్టుగారు మరో నాలుగు బిస్కెట్లు వేశాడు.

కథ ఇక్కడ ముగిస్తే అందరూ సుఖంగా భోంచేసేవారే. కానీ ఆయనకు ముద్ద దిగలేదు. సగంలో లేచి, చెయ్యి కడుక్కుని, కంప్యూటరు ముందు కూర్చుని టకటకా టైపు చెయ్యసాగాడు.

“ఏం రాస్తున్నారు?” అంది భార్య.

“జరిగింది. ఆట తయారుచేసినవాళ్ళకి. కూర్చోవడమంటే యజమానికి ఎదురుగా కూర్చోవడమని నియమాల్లో స్పష్టంగా ఉంది. వాళ్ళ యంత్రం గమనించలేదు. నేను గమనించాను. గమనించీ నొక్కాను.”

“వాళ్ళు చదివితే?”

“ఫలితం రద్దు చేస్తారు. చెయ్యాలి.”

“మీకేమన్నా మతి పోయిందా! అమ్మ పద్నాలుగు నెలలు...”

“రాయనివ్వవే” అంది అత్తగారు గుమ్మంలోంచి. నల్ల అద్దాల వెనక ఆవిడ మొహం ఎలా ఉందో తెలియలేదు. వచ్చి, ఎప్పటిలాగే తెరకు వీపు పెట్టి కూర్చుంది. “వెనక్కి తిరిగి కూర్చుందాండీ?”

“అవునండీ. మొదటి రోజు నుంచీ.”

“నాకు చెప్పలేదేం?”

ఆయన మౌసును బల్ల అంచుకు సమంగా జరిపాడు.

“సరే. పంపేముందు ఒకసారి చదవండి. ఏం రాశారో వింటాను.”

రిజెక్టుగారు గొంతు సవరించుకుని, ఫ్యాక్టరీ నివేదిక స్వరంలో చదివాడు.

“పై కుక్కపిల్ల ఆజ్ఞ అందిన పిమ్మట తలను కుడివైపునకు వంచి ఒక క్షణము ఆలోచించును. అటుపిమ్మట కుడి నుండి ఎడమకు వెనుదిరుగును. కూర్చొనునపుడు ఎడమ వెనుక కాలు రెండు వేళ్ళ మేర బయటికి జారును. తోక నేలను రెండుసార్లు తట్టి నిలిచిపోవును. ఆవులింత దీర్ఘమైనది. ఆవులించునపుడు కుడి చెవి మడత పడి, ఆవులింత పూర్తయిన తర్వాత గానీ లేవదు. ఆపై భుజము మీదుగా వెనక్కి ఒకసారి చూచును, ఎవరైనా చూస్తున్నారా అని.”

అత్తగారు కదలకుండా వింది. తొమ్మిది రోజులుగా ఆవిడకు దొర చప్పుడు తప్ప రూపు లేదు.

“తోక రెండుసార్లేనా తట్టేది?”

“రెండేనండీ.”

“నా దగ్గర మూడుసార్లు తట్టేదే.”

“మూడోది ఎత్తి, సగంలో మానేస్తుందండీ. నేల తగల్లేదని లెక్కలోకి తీసుకోలేదు.”

“తీసుకోండి. రాయండి అది కూడా.”

ఆయన రాశాడు. ఆవిడ మళ్ళీ మొదట్నించి చదవమంది. చదివాడు. వెనక్కి చూసేటప్పుడు దాని కళ్ళు ఎలా ఉంటాయని అడిగింది. ఆయన పాత నోటుపుస్తకం బీరువాలోంచి తీయించి, మూడో రోజు వ్యాఖ్యల గడి వెతికి, అర్ధనిమీలితములు అని చేర్చాడు. మళ్ళీ చదవమంది.

నాలుగోసారి చదువుతూ ఉండగా భార్య ముగ్గురికీ టీ తెచ్చింది. “ఇంతకీ పంపుతున్నారా, లేదా?”

“ఎక్కడ పంపనిస్తున్నారు!” అన్నాడు రిజెక్టుగారు, విసుగంతా గొంతులోకి తెచ్చుకుని. “ప్రతిసారీ మీ అమ్మగారికి ఏదో ఒకటి తక్కువైనట్టే ఉంటోంది. ఇలా అయితే ఇది ఏనాటికి పూర్తయ్యేను?”

“తొందరేముందండీ” అంది అత్తగారు, టీ ఎటుందో చేత్తో తడుముకుంటూ. “ఆ ఆవులింత దగ్గర్నించి చదవండి. కాస్త నెమ్మదిగా.”